పేరు లేనోళ్ళకు బండి లేదు

తడిసిన ప్లైవుడ్ వాసన నాకు పడదు. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు. నిజంగానే పడదు. ఆ వాసన తగిలితే ఒక మనిషి గుర్తొస్తాడు, ఆయన వెనకే నేను చేసిన పని గుర్తొస్తుంది, ఇక కూర్చున్నచోట కూర్చోలేను. ఇవాళ కోకాపేటలో మా ఆఫీసు ఉన్న అంతస్తులోనే పక్క హాలుకు చెక్కపని జరుగుతోంది. మధ్యాహ్నం కొట్టిన జల్లు అద్దాలు ఇంకా బిగించని కిటికీలోంచి లోపలికొచ్చి పలకల దొంతరను తడిపింది. వాసన కారిడార్ దాటి నా గదిలోకి వచ్చేసింది. లేచి తలుపు వేశాను. ఊపిరాడనట్టయి మళ్ళీ తీశాను. కాఫీ తెచ్చుకున్నాను, తాగడం మరిచిపోయాను.

ఎదురుగా స్క్రీన్ మీద ఒక పట్టిక ఉంది. ఉద్యోగానికి పరీక్ష రాసిన పద్నాలుగుమందికి నేను మార్కులు వేయాలి. పేర్లు లేవు, నంబర్లే. పేరు చూస్తే కులం తెలుస్తుందని, ఊరు తెలుస్తుందని దాచారు. మంచి ఉద్దేశమే, కాదనను. ఆఖరి గడి పేరు ‘నైరూప్య ఆలోచన’. ఎదుట కనిపించే మనిషినీ వస్తువునూ దాటి, వాటి వెనకున్న సూత్రాన్ని పట్టుకునే శక్తి అన్నమాట. అది ఎవరికి ఎంత ఉందో ఒకటి నుంచి ఐదు దాకా నేను తేల్చాలి. తొమ్మిదో నంబరు దగ్గర గంటన్నరగా ఆగిపోయాను. ప్రశ్న మామూలుదే. ‘అ, ఆ అనే ఇద్దరు ఉద్యోగులకు ఒకే సమయంలో ఒకే గది కావాలి. ఎవరికివ్వాలో తేల్చే నియమం రాయండి.’ అందరూ తలా ఒక నియమం రాశారు. ముందు అడిగినవారికి అని ఒకరు, పెద్ద హోదా వారికి అని ఇంకొకరు. తొమ్మిదో నంబరు మాత్రం ఒక్క వాక్యం రాసి ఊరుకున్నారు. ‘ఆ ఇద్దరూ ఎవరో, ఎవరికి ఏం అవసరమో తెలియకుండా చెప్పలేను.’

పదకొండేళ్ళ కిందట అయితే క్షణం ఆలోచించకుండా ఒకటి వేసి పక్క వరసకు వెళ్ళిపోయేదాన్ని. వేశాను కూడా. ఒక మనిషికి.

ఆయన పేరు చంద్రయ్య. నార్సింగి ఊరివాడు, ఆ ఊళ్ళో ఇన్ని అంతస్తులు లేవకముందు నుంచీ. నేను మొదట పనిచేసిన హైటెక్ సిటీ కంపెనీలో ఆయన రవాణా డెస్క్ చూసేవారు. డెస్క్ అన్నానని పెద్దగా ఊహించుకోకండి. సెల్లార్‌లో జనరేటర్ గది పక్కన ఒక ఇనపబల్ల, ఒక ఇంటర్‌కం, గోడకు ఆనించిన నిలువెత్తు ప్లైవుడ్ పలక. గోడ చెమర్చేది కాబట్టి వానాకాలమంతా ఆ పలక కంపు కొట్టేది. పలక మీద ఆరు వరసల్లో మేకులు. సాయంత్రం ఆరింటికి ఇళ్ళకు వెళ్ళేవాళ్ళు రెండువందల పైచిలుకు ఉండేవాళ్ళం. మనిషికొక అట్టముక్క చీటీ, చీటీ మీద పేరు, ఇల్లున్న చోటు. ఒక మేకు అంటే ఒక బండి. ఒకే దారిలో వెళ్ళే నలుగురి చీటీలు ఒక మేకుకు తగిలిస్తే ఆ బండి నిండినట్టు. పైవరస మేకుల నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క బండినే ఆయన బయటికి వదిలేవారు.

ఆయన మొదట డ్రైవరే. కళ్ళకు నీటికాసులు వచ్చి పక్కచూపు పోయింది. ఎదురుగా ఉన్నది కనిపించేది, పక్కనుంచి వచ్చేది కనిపించేది కాదు. ఎవరైనా పక్కన నిలబడి పలకరిస్తే మెడంతా తిప్పి చూసేవారు. ‘ఇగ స్టీరింగ్ పడితే ఎవల్నో ఒకల్ని సంపుతా’ అని తనంతట తనే తాళాలు ఇచ్చేశారట. అలాంటి మనిషి కదా అని అప్పటి పెద్దసారు ఎవరో ఆ డెస్క్‌లో కూర్చోబెట్టారు. ఆ కుర్చీ పోతే ఆయన చేయగలిగిన పని ఇంకొకటి లేదు. ఈ సంగతి నాకు మొదటిరోజే డ్రైవర్లు చెప్పారు. తెలిసే చేశాను.

నాకప్పుడు ఇరవైనాలుగేళ్ళు. బాపట్ల నుంచి వచ్చి రెండేళ్ళయింది, శేరిలింగంపల్లిలో హాస్టల్. మా పైఅధికారి శ్రీధర్ గారు ఒకరోజు పిలిచి పని చెప్పారు. ‘రెండు వారాలు కింద కూర్చోండి వాణీ. ఆయన బుర్రలో ఉన్న రూల్స్ అన్నీ బయటికి లాగండి. సాఫ్ట్‌వేర్ రాసేద్దాం. రూల్స్ చెప్పగలిగే మనిషైతే రేపు ఆ సాఫ్ట్‌వేర్ మీద ఆయన్నే సూపర్‌వైజర్‌గా పెడదాం. కాకపోతే...’ అని గాలిలో చెయ్యి తిప్పారు. ఆ చెయ్యి తిప్పడానికి అర్థం నాకు తెలుసు. నోట్‌బుక్ పట్టుకుని దిగాను.

దిగిన గంటకే నాకు విసుగు పుట్టింది. ఇంటర్‌కం మోగితే చాలు, ఆయన మొదలుపెట్టేవారు. ‘ఏంది బిడ్డా, గొంతు గట్లున్నది? జరమొచ్చిందా? ఇంటికాడ ఎవరున్నరు? అత్తమ్మ ఊర్నుంచి వచ్చిందా, ఇంక రాలేదా?’ అబ్బ, ఏం ఆరా! బండి ఎన్నింటికి అని అడిగిన పాపానికి ఇంటిల్లిపాది సంగతీ చెప్పుకోవాలి. పై అంతస్తుల్లో ఆయనకు కబుర్ల చంద్రయ్య అని పేరు పెట్టారు. నేను పక్కన కుర్చీ వేసుకుని ఒక్కొక్క చీటీ చూపిస్తూ అడిగేదాన్ని.

‘ఇది పైవరసలో ఎందుకు పెట్టారండీ?’

‘ఈ మేడం పాపను చూసుకునే ఆయమ్మ ఆరున్నరకు పోతది.’

‘ఇదో?’

‘ఈ సారు నాయినకు షుగరు. ఈన పోయినంక సూది ఏస్తడు, గప్పుడు తింటడు ముసలాయన.’

‘మరి ఇది?’

‘గా పిల్ల పొద్దుగాల ఏడ్చుకుంట దిగింది బండి. ఎందుకో అడగలే. జర తొందరగ ఇంటికి పోనియ్యి.’

అన్నీ రాసుకున్నాను. వారం తిరిగేసరికి పద్దెనిమిది పేజీలయ్యాయి. ఒక్క రూల్ లేదు. పాపలు, నాయినలు, ఆయమ్మలు, ఏడుపులు. ‘చంద్రయ్య గారూ, అందరికీ వర్తించేలా ఒక్క మాట చెప్పండీ’ అని బతిమాలాను. ‘అందరు ఒక్కతీరు ఉంటరా బిడ్డా, ఒక్కటే మాట చెప్పనీకి?’ అన్నారు. ఇలా కాదని, కాలేజీలో నేర్చుకున్న తెలివి బయటికి తీశాను.

‘సరే, ఇలా అనుకుందామండీ. అ అని ఒక మనిషి, ఆ అని ఒక మనిషి. ఇద్దరూ ఒకేచోట ఉంటారు. బండిలో ఒక్క సీటే ఖాళీ ఉంది. ఎవరిని పంపిస్తారు?’

‘ఎవరు వాళ్ళు?’

‘ఎవరూ కాదండీ. ఊరికే అనుకుంటున్నాం.’

‘పేర్లేంది?’

‘పేర్లు లేవండీ బాబూ! అ, ఆ. అంతే.’

ఆయన మెడ తిప్పి నన్ను చూశారు. పెన్నుతో నేను గీసిన రెండు గుండ్రాలు చూశారు. ‘పేరు లేనోళ్ళను నేను బండెక్కియ్య బిడ్డా’ అని చీటీలు సర్దుకోవడం మొదలుపెట్టారు. చుట్టూ నిలబడ్డ డ్రైవర్లు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఆయన గొంతు అనుకరిస్తూ అందరికీ చెప్పాను. సాయంత్రానికి అది మా అంతస్తంతా పాకింది. ఎవరైనా ఒక చిన్న సంగతి అర్థం చేసుకోలేకపోతే ‘పేరు లేనోళ్ళకు బండి లేదు’ అనేవాళ్ళు, గొల్లుమనేవాళ్ళు. నాకు మహా గర్వంగా ఉండేది, నా మాట అంతమంది నోళ్ళలో నానుతున్నందుకు.

ఆవలిస్తే పేగులు లెక్కపెడతానని నా మీద నాకు గట్టి నమ్మకం ఆ రోజుల్లో. ఆయన చెప్పలేకపోయినా రూల్ నేనే కనిపెట్టేశాను. పలక మీద పైవరసలో దాదాపు ఎప్పుడూ కోకాపేట చీటీలే ఉండేవి. దానికింద నార్సింగి. అలా దిగుతూ ఆఖరి వరసకు వస్తే శేరిలింగంపల్లి. దూరం పోయేవి ముందు, దగ్గరవి వెనక! ఇంత తేలిక సంగతి చెప్పలేక ఇన్ని కథలు చెప్పాడా ఈ మనిషి అని జాలిపడ్డాను కూడా. శుక్రవారం రిపోర్టు ఇచ్చాను. ఇంగ్లీషులో రాశాను. తెలుగులో చెప్పాలంటే ఇదీ. ‘డెస్క్ ఆపరేటర్ ఉదాహరణలు మాత్రమే చెప్పగలరు. వాటి నుంచి సూత్రాన్ని విడదీసి చూసే శక్తి లేదు. శిక్షణ ఇచ్చినా ప్రయోజనం ఉండకపోవచ్చు.’ కింద ఒక గడి ఉంది. నైరూప్య ఆలోచన, ఒకటి నుంచి ఐదు. ఒకటి వేశాను.

శ్రీధర్ గారు చదివి, ‘అంతేనండీ, కొందరికి బుర్ర అక్కడిదాకా ఎక్కదు. వాళ్ళ తప్పు కాదు’ అన్నారు. ఆయన చెడ్డవాడేమీ కాదు, నిజంగా జాలిగానే అన్నారు. నేను తలూపాను. మా నాన్న బాపట్లలో టైలర్. తెచ్చిన గుడ్డ ఎంత ఉన్నా, మనిషి ఎలా ఉన్నా, కత్తెర పెట్టకముందే చొక్కాను కళ్ళముందు చూసేవాడు. ఆయన్ని కూర్చోబెట్టి అ, ఆ అని అడిగితే ఏమనేవాడు? ఆ ప్రశ్న అప్పుడు నాకు తట్టనే లేదు.

తరువాతి మంగళవారం మధ్యాహ్నం మూడింటికే ఆకాశం నల్లబడింది. నాలుగింటికి కుండపోత. శేరిలింగంపల్లి దారిలో అండర్‌పాస్ కింద నడుములోతు నీళ్ళని ఫోన్లు వచ్చాయి. ఆ వారమే, నా రూల్ పెట్టి హడావిడిగా రాసిన సాఫ్ట్‌వేర్‌ను ఊరికే పక్కన నడిపి చూస్తున్నాం. బండ్లు మాత్రం ఇంకా చంద్రయ్య గారి పలక ప్రకారమే వెళ్ళేవి. రెంటినీ పోల్చి చూడటానికి లాప్‌టాప్ పట్టుకుని సెల్లార్‌లో కూర్చున్నాను. ఇంటర్‌కం ఆగకుండా మోగుతోంది. ఆయన నిలబడే అందరి దగ్గరా కబుర్లు చెప్పించుకుంటున్నారు. ఇంత వానలోనూ ఇదేం గోల అనుకున్నాను. అంతలో ఆయన పైవరసలో ఉన్న ఒక కోకాపేట మేకు చీటీలన్నీ తీసి ఆఖరి వరసకు తగిలించారు. శేరిలింగంపల్లి చీటీలు నాలుగు తీసి పైవరసకు ఎక్కించారు.

‘అయ్యో, తప్పు పెడుతున్నారండీ! అది కోకాపేట వరస కదా!’ అన్నాను.

‘కోకాపేట వరసేంది?’

‘పైది కోకాపేట, రెండోది నార్సింగి, ఆఖరిది శేరిలింగంపల్లి. రెండు వారాలు చూశాను కదండీ.’

ఆయన చేతిలో చీటీలతోనే నావైపు పూర్తిగా తిరిగారు. ‘మేకుకు ఊరెందుకుంటది బిడ్డా? ఊరు చీటీ మీద రాసే ఉన్నది కద. రాసిందాన్ని మల్ల మేకుకెందుకు పెడ్త?’

నిజమే కదా, చీటీ మీదున్నదాన్ని మళ్ళీ మేకు ఎందుకు చెప్పాలి? ‘మరి ఈ వరసలేమిటండీ?’ అని అడిగాను. రెండు వారాల్లో ఈ ప్రశ్న నేను ఒక్కసారి కూడా అడగలేదని అప్పుడే తెలిసింది.

‘ఆగుడు’ అన్నారాయన. ‘ఎవరు ఎంతసేపు ఆగుతరో గది. పైవరసోళ్ళు ఆగలేరు. కిందికి వచ్చినకొద్ది ఆగుతరు. కోకాపేటల కొత్త ఫ్లాట్లు కొనుక్కున్నోళ్ళు శాన మంది పసిపిల్లలోళ్ళు, గందుకే రోజు పైనుంటరు. శేరిలింగంపల్లి అంత హాస్టల్ పిల్లలు, గందుకే కిందుంటరు. గీ బండిల ఆగలేనిది పాప తల్లి ఒక్కతే, ఆమె ఇయ్యాల సెలవు పెట్టింది. ఇగ గా బండికి తొందరేమున్నది? పద్మ మేడంకు ఏడో నెల. తల్లి ఇంటికి మారింది, శేరిలింగంపల్లికి. నీళ్ళల్ల ఇరుక్కుంటే రెండు గంటలు. ఆమె ముందు పోవాలె.’

లాప్‌టాప్ చూశాను. నా సాఫ్ట్‌వేర్ పద్మ గారి బండిని అందరికంటే ఆఖరున పెట్టింది.

‘ఇది మీకెవరు నేర్పారండీ?’ అని అడిగాను.

‘మా నాయిన నీరటి’ అన్నారు. నాకు అర్థం కాలేదని తెలిసి చెప్పారు. చెరువు తూము తెరిచి, ఆయకట్టులో ఏ మడికి ఎప్పుడు నీళ్ళు వదలాలో చూసే ఊరి మనిషిని నీరటి అంటారు. ‘నీళ్ళు తక్కువున్న ఏడు తూము కాడ కొట్లాటలే. దగ్గరి మడోడు నాకు ముందంటడు. పెద్ద పట్టేలు నాకు ముందంటడు. మా నాయిన ఎవ్వని మాట ఇనకపోయెటోడు. మడిల దిగి మట్టి పిసికి చూసెటోడు. పొట్టకొచ్చిన వరి ఒక్క దినం ఆగదు. పిలకలేసే మడి నాలుగు దినాలు ఆగుతది. దగ్గర దూరం గాదు, ఎవని మడన్నది గాదు. ఏది ఆగుతది, ఏది ఆగది, గంతే. చెరువు పాయె, మడులు పాయె. ఈడ మడి గాదు, మనిషి. నీళ్ళు గాదు, బండి. మిగిలిందంత గదే కద బిడ్డా.’

నాకు తల కొట్టేసినట్టయింది. వరిమడిలోంచి ఒక సూత్రాన్ని పీకి తెచ్చి సెల్లార్‌లో మేకుల మీద నాటిన మనిషికి నేను ఒకటి వేశాను. ఆయన ఆలోచన ఊళ్ళ పేర్లు దాటలేదనుకున్నాను. ఊళ్ళ పేర్ల దగ్గరే కూలబడింది నేను. సిగ్గు పక్కనే కోపం కూడా వచ్చింది, అదీ ఆయన మీదే.

‘ఇదే మాట ఆరోజు నేను అ, ఆ అని అడిగినప్పుడు చెప్పొచ్చు కదండీ! ఎవరు ఆగలేరో వాళ్ళను పంపుతానని ఒక్కమాట!’

‘చెప్పొచ్చు. చెప్పరాక గాదు.’ ఇంటర్‌కం మోగుతున్నా ఎత్తకుండా, ఆయన ఒక్క నిమిషం నా కోసం ఆగారు. ‘పేరు లేనోన్ని ఎంతసేపైనా ఆపచ్చు బిడ్డా. వాడు అడగడు. వానికి పాప ఉండదు, నాయిన ఉండడు, వానొస్తే తడవడు. గసుంటోని మీద నువ్వు రూలు రాస్తవు. రేపు గా రూలు పోయి పద్మ మీద పడ్తది. గందుకే చెప్పలే.’

అని ఇంటర్‌కం ఎత్తుకున్నారు. నేను పలక వైపు చూస్తూ నిలబడ్డాను. ఆఖరి వరసలో ఆఖరి మేకుకు నా చీటీ. ‘నన్నెప్పుడూ ఇక్కడే పెడతారా?’ అన్నాను. ఆయన ఫోన్ చేత్తో మూసి నవ్వారు. ‘నువ్వు ఆగుతవ్ బిడ్డా. నీకేం ఫికర్?’ పద్మ గారి బండి అయిదింటికే బయటపడింది.

ఇక నేను చేయాల్సింది ఒక్కటే. పైకి వెళ్ళి, రిపోర్టు తప్పని చెప్పాలి. లిఫ్ట్‌లో మాటలు కూడబలుక్కున్నాను. శ్రీధర్ గారు మీటింగ్‌లో ఉన్నారు. బయటికొచ్చేదాకా నిలబడితే సరిపోయేది. నిలబడలేదు. సీటుకు పోయి మెయిల్ రాశాను. ప్రతి మనిషికీ ‘ఎంతసేపు ఆగగలరు’ అని ఒక గడి పెడదామని, బండ్ల వరస దాని ప్రకారం తేలుద్దామని. ఎవరి దగ్గర విన్నానో రాయలేదు. ఎదురుగా చెబుదాంలే అనుకున్నాను. తెల్లారి శ్రీధర్ గారు నా సీటు దగ్గరకొచ్చి నలుగురి ముందూ, ‘ఆలోచన అంటే ఇదీ! ఊళ్ళూ దూరాలూ కాదు, వాటి వెనక ఏముందో పట్టుకుంది చూడండి!’ అన్నారు. ఇది చంద్రయ్య గారిదండీ అన్న మాట గొంతుదాకా వచ్చింది. చప్పట్లు కొట్టారు. మింగేశాను.

ఎందుకు మింగానో ఇన్నేళ్ళూ నాకు నేనే రకరకాలుగా చెప్పుకున్నాను. చిన్నదాన్నని, భయమని. అదేం కాదు. ఆ గడి ఆయనదని చెబితే, రెండు వారాలు నేను చూసిందంతా గుడ్డిచూపని ఒప్పుకోవాలి. సోమవారం చెబుదామనుకున్నాను. సోమవారం వేరే పని పడింది. పదో రోజున చంద్రయ్య గారికి ఉత్తరం వచ్చింది, నెలాఖరుతో పని ముగిసిందని. అప్పుడు పరిగెత్తాను శ్రీధర్ గారి దగ్గరికి. అంతా చెప్పాను. ఆయన తల పట్టుకున్నారు. ‘ఇప్పుడా చెప్పేది వాణీ? సంతకాలైపోయాయి. గేటు దగ్గర పని ఉందేమో కనుక్కుంటాను.’ గేటు దగ్గర నాలుగు రోజులు చేశారు. పక్కనుంచి వచ్చిన బండి కనిపించక గేటు అడ్డుకర్రను దాని మీదికే దింపారు. ఐదోరోజు రాలేదు. డెస్క్‌లో ఆఖరిరోజున మాత్రం పలక మీది చీటీలన్నీ దించి, ఎవరివి వాళ్ళకు ఇచ్చారు. నాది నా చేతిలో పెట్టి, ‘ఉంచుకో బిడ్డా, ఇగ మేకుతోని పనిలేదు’ అన్నారు. రిపోర్టు సంగతి ఆయనకప్పటికి తెలియదు.

రెండు నెలల తరువాత ఒక ఆదివారం పొద్దున నార్సింగి వెళ్ళాను. పెద్ద టవర్ల వెనక సందులో రేకుల ఇల్లు. గడపలోనే ఆయన భార్య లక్ష్మమ్మ నన్ను ఆపేసింది. పేరు చెప్పగానే ఆమె ముఖం మారిపోయింది. ఎవరో డ్రైవర్ చెప్పాడట.

‘మా ఆయనకు తెలివి లేదని రాసింది నువ్వేనా? సదువుకున్న పిల్లవు, గిట్ల రాయనీకి చెయ్యెట్ల వచ్చిందమ్మా నీకు? కండ్లు సక్కగ లేనోడు, ఇగ యాడికి పోతడు? పొద్దంత మంచం మీద కూసుంటడు. కండ్లల్ల మందు ఏసుకోమంటే ఎందుకు, ఎవల్ని చూసేదున్నది అంటడు. దవాఖానకు రమ్మంటే రాడు.’

‘జర లోపటికి రానియ్యి లక్ష్మీ’ అన్న మాట మంచం మీద నుంచి వినిపించింది. ‘చాయ్ పెట్టు.’

కుర్చీ అంచున కూర్చుని, నేను రాసిందంతా తప్పని చెప్పాను. ‘ఏం రాసినవో సదువు’ అన్నారు. బ్యాగులో కాగితం ఉంది. ఒక్కొక్క వాక్యం తెలుగులో చెబుతూ చదివాను. ఇంగ్లీషులో అంత పెద్దగా కనిపించిన మాటలు ఆ రేకుల కింద ఎంత నీచంగా వినిపించాయో చెప్పలేను. ఒకటి వేశానని కూడా చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు.

‘అండ్ల నా పేరున్నదా?’ అని అడిగారు.

మూడు పేజీలూ తిరగేశాను. మళ్ళీ మొదటినుంచి చూశాను. ‘లేదండీ. డెస్క్ ఆపరేటర్ అని ఉంది.’

‘అయితే వాడెవడో పేరు లేనోడు బిడ్డా. వానికి కుర్సీ లేదని రాయనీకి నీకు నొప్పేముంటది?’

నేను ఏడ్చేశాను. ఆయన ఊరుకోమనలేదు. ఫర్వాలేదు బిడ్డా అంటారని, అనాలని నా మనసులో ఎక్కడో ఉంది. అనలేదు. లక్ష్మమ్మ చాయ్ గ్లాసు నా ముందు ఠక్కున పెట్టి వెళ్ళింది. ఆయన గ్లాసు నా దగ్గరికి జరిపారు. ‘నిన్ను ఆఖరి వరసల పెట్టిన. ఆగుతవనుకున్న. నాది గూడ తప్పే పోయింది.’ అని చాయ్ తాగమన్నారు. తాగాను. నాలుక కాలింది.

ఆ తరువాత రెండుసార్లు వెళ్ళాను. ఒకసారి బలవంతం చేసి కంటి దవాఖానకు తీసుకెళ్ళాను, దారంతా లక్ష్మమ్మ నాతో మాట్లాడలేదు. కంపెనీ వదిలే ముందు పోట్లాడి సాఫ్ట్‌వేర్‌లో ‘ఎంతసేపు ఆగగలరు’ అన్న గడి పక్కన ‘చంద్రయ్య, నార్సింగి’ అని రాయించాను. ఇప్పుడు ఉందో, ఎవరైనా చెరిపేశారో తెలియదు. పోయినేడు ఆయన పోయారు. నాకు ఐదు నెలల తరువాత, ఒక పాత డ్రైవర్ సిగ్నల్ దగ్గర కిటికీ దించి చెబితే తెలిసింది.

మనుషులందరికీ నైరూప్య ఆలోచన చేతనవుతుందా అని ఎవరైనా అడిగితే, అవుతుందని నేను ఒట్టేసి చెప్పలేను. పెద్ద పెద్ద డిగ్రీలున్నవాళ్ళు ఒక ఉదాహరణ దగ్గర అతుక్కుపోయి కదలలేకపోవడం చూశాను. నన్ను నేను చూసుకున్నాను, ఇంకొకరి దాకా ఎందుకు? కానీ ఆ గడిలో అంకె వేయడానికి నేనెవరినన్న ప్రశ్న మాత్రం నన్ను కుదురుగా ఉండనివ్వదు. చెప్పలేకపోవడం వేరు, చెప్పకపోవడం వేరు. కాగితం మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. తొమ్మిదో నంబరుది ఏదో నాకు తెలియదు. నిజంగానే ప్రశ్న అర్థం కాలేదేమో. లేక నీరటి బిడ్డ ఎవరైనా మళ్ళీ నా ఎదుటికి వచ్చారేమో.

ఫోన్ తీసి నియామకాలు చూసే స్వాతికి కలిపాను. తొమ్మిదో నంబరును పిలిపించమన్నాను, ఎదురుగా కూర్చుని మాట్లాడతానని.

‘మేడం, మార్కులు వేశాకే పేర్లు తెరుస్తాం. మధ్యలో పిలవాలంటే పైవాళ్ళ అనుమతి కావాలి. ఎంత లేదన్నా మూడు నాలుగు రోజులు పడుతుంది’ అంది స్వాతి. ‘సాయంత్రానికి పట్టిక పంపాలి కదండీ. ఆ ఒక్కటీ ఒకటో రెండో వేసేయండి మేడం.’

పర్సులో వేలికి ఆ అట్టముక్క తగిలింది. పైన మేకు చేసిన చిల్లు, కింద వంకర అక్షరాలతో ‘వాణి, శేరిలింగంపల్లి’.

‘అనుమతి అడుగమ్మా’ అన్నాను. ‘నేను ఆగుతాను.’